మైకన్న తరఫున జవాబు

మైకన్న వచ్చిన రోజు నేను వంటగదిలో గిన్నెలు తోముతున్నాను. ఆ ఇంటి పై అంతస్తులో రెండు గదులు, వాటి మధ్య ఒక్క వంటగది. ఒక గది నాది, రెండోది ఆ అమ్మాయిది. యూనివర్సిటీలో కాంక్రీటు మీద ఏదో పరిశోధన చేస్తోంది. మొగుణ్ణి తెచ్చుకుంటున్నానని నెల్లాళ్లుగా ఇల్లంతా టముకు వేసింది. సూట్‌కేసు ఈడ్చుకుంటూ మెట్లెక్కి వచ్చిన మనిషిని చూసి చేతులు తుడుచుకుని, "ప్రయాణం బాగా జరిగిందా తమ్ముడూ?" అన్నాను. మన భాషలోనే అడిగాను. అతను నోరు తెరిచాడు.

"బాగానే జరిగింది అక్కా. విమానంలో చెవులు మూసుకుపోయాయట, అంతే" అంది అమ్మాయి.

అతను తెరిచిన నోరు మూసుకుని నాకేసి చూసి నవ్వాడు. అప్పుడు నాకది ముద్దుగానే అనిపించింది. ఏడాది ఎడబాటు తర్వాత కలిసిన ఆలుమగలు, ఆమాత్రం మురిపెం ఉండదా అనుకున్నాను.

నాది వృద్ధాశ్రమంలో పని. ముసలివాళ్లకి స్నానాలు చేయించడం, బట్టలు మార్చడం, నాలుగు ముద్దలు తినిపించడం. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరతాను. అమ్మాయి పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. మధ్యాహ్నం పూట ఇంట్లో మేమిద్దరమే. అందువల్ల అతని కథంతా ఉల్లిపాయలు తరుగుతూ అతని నోటే విన్నాను. నాకు నోరెక్కువని అందరూ అంటారుగానీ, ఎదుటివాడు బాగా చెబుతుంటే వినడం కూడా నాకు తెలుసు.

అతను బాగా చెప్పేవాడు. ఆ గొంతే వేరు. లావు గొంతు కాదు, అరుపు అసలే కాదు. పక్క గదిలో మాట్లాడినా మన పక్కనే కూర్చుని మాట్లాడినట్టు ఉండేది. వాళ్ల ఊరి బస్టాండులో అనౌన్సరు. తండ్రి అక్కడే సామాన్లు దాచే గది చూసుకునేవాడట. ఒకరోజు అనౌన్సరుకి గొంతు పోతే, విచారణ కిటికీ దగ్గర తచ్చాడుతున్న ఈ కుర్రాణ్ణి పట్టుకుని మైకు ముందు కూర్చోబెట్టారు. ఇక లేవలేదు. ఊరివాళ్లు తల్లిదండ్రులు పెట్టిన పేరు మరచిపోయి మైకన్న అని పిలవడం మొదలుపెట్టారు. పెళ్లి పత్రికలో అసలు పేరు చూసి, ఎవరి పెళ్లో అని సగంమంది రాలేదని చెప్పి తనే పగలబడి నవ్వేవాడు.

"ఊరి పేరు చెప్పగానే ఆగాలి అక్కా" అన్నాడు ఒకరోజు, కత్తి పక్కన పెట్టి. "అదే అసలు పని. 'ప్రయాణికులకు విజ్ఞప్తి' అంటే ఎవడూ తలెత్తడు. ఊరి పేరు చెప్పి ఆగామనుకో, ఆ ఊరివాడు చప్పున తలెత్తుతాడు. వాడు తలెత్తేదాకా ఆగి, అప్పుడు ప్లాట్‌ఫారం నంబరు చెప్పాలి. గుక్క తిప్పుకోకుండా చదివేస్తే మనకి పనైపోయినట్టుంటుంది, వాళ్లకి బస్సు పోతుంది."

ఆ అమ్మాయితో పరిచయమూ మైకులోనే. కాలేజీకి రోజూ ఆ బస్టాండు నుంచే వెళ్లేది. రోజూ ఆలస్యమే. ఒక చేత్తో జడ, ఒక చేత్తో పుస్తకాలు పట్టుకుని గేటులోంచి పరిగెత్తుకొచ్చే పిల్లని కిటికీలోంచి చూసి, బయల్దేరబోయే బస్సుకి ఇతను ఇంకోసారి ఆఖరి పిలుపు పిలిచేవాడు. పిలుపు అవుతుండగా బస్సు కదలకూడదు. డ్రైవరు స్టీరింగు మీద వేళ్లు కొట్టుకుంటూ తిట్టుకునేవాడు. పిల్ల ఎక్కేది. కొన్నాళ్లకి డ్రైవరే "ఏం మైకన్నా, మీ తొందరమ్మ వచ్చిందా, పోనా?" అని అడిగేవాడట. ఆ పేరు అలా స్థిరపడిపోయింది. పెళ్లయ్యాక కూడా ఆమెను తొందరమ్మా అనే పిలిచేవాడు.

విదేశంలో సీటు వచ్చినప్పుడు ముందు ఆమె వెళ్లింది. ఏడాది తర్వాత అతన్ని పిలిపించుకుంది. భార్య చదువు మీద భర్తకిచ్చే వీసా అతనిది. ఉండొచ్చు, తిరగొచ్చు, పని మాత్రం చేయకూడదు. నిబంధనలు మారబోతున్నాయని, తర్వాత పనికి కూడా ఒప్పుకుంటారని అందరూ అంటున్నారు కాబట్టి అతను బస్టాండులో సెలవు పెట్టి వచ్చేశాడు. అతని కోరిక ఏమంత పెద్దది కాదు. ఆ కొత్త ఊళ్లో తన నోటితో తను మాట్లాడి ఏదో ఒక పని సంపాదించుకోవడం, పెళ్లాంతో కలిసి ఉండటం.

"పని దొరికితే ఉంటా అక్కా" అన్నాడు మొదటి వారంలోనే. "తిని కూర్చోవడం నావల్ల కాదు. కూర్చుంటే దాన్ని విసుక్కుంటాను. అది ఇష్టం లేదు నాకు."

తప్పు ఎక్కడ మొదలైందంటే, మొదట్లో అతనే అడిగాడు. దుకాణంలో, బస్సులో, ఆఫీసు కిటికీ దగ్గర ఎవరేం అడిగినా ఆ భాష చెవికి ఎక్కక, పెళ్లాం వైపు తిరిగి "నువ్వే చెప్పు" అనేవాడు. ఆమె చెప్పేది. ఆమెకి ఆ భాష మంచినీళ్లప్రాయం. కొత్తల్లో ఎవరైనా చేసే పనే. అయితే కొన్నాళ్లకి అతను అడగడం మానేశాడు, ఆమె చెప్పడం మానలేదు.

జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్తే ఈవిడా వెళ్లింది. పక్క కుర్చీలో కూర్చుని చెవుల మీద ఇంత, వెనక ఇంత అని వర్ణించింది. తల ఆయనది, మాట ఈవిడది. కత్తెర పట్టినవాడు కాసేపటికి అద్దంలో అతని మొహం చూడటమే మానేసి, ఈవిడ వైపు తిరిగి "గడ్డం కూడా తీయమంటారా?" అని అడిగాడట. ఈ కథ అభినయించి మరీ చెప్పాడు నాకు. నవ్వలేక చచ్చాను. తర్వాత పంటి డాక్టరు కథ చెప్పాడు. "నొప్పి కుడివైపు అక్కా. తొందరమ్మ ఎడమవైపు అని చెప్పేసింది. ఆయన నోట్లో చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది." ఆ కథకి అతను నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

ఇంకో విచిత్రం చెప్పాలి. ఆమె పక్కన లేకపోతే అతనికి మాట వచ్చేది. కింద అంతస్తులో ఇంటాయన ఉండేవాడు, రిటైరైన ప్లంబరు. కట్టుడు పళ్లు ఎక్కడ జారిపోతాయో అన్న భయంతో ఒక్కో మాటా ఆచితూచి వదిలేవాడు. వాళ్లిద్దరికీ అక్కడే కుదిరింది. పెరట్లో కుళాయి బిగిస్తూ, గేటుకి నూనె పెడుతూ, ఆయనో మాట, ఇతనో మాట. నేను బట్టలు ఆరేస్తూ వినేదాన్ని. తప్పులు ఉండేవి, కానీ మాట తెగేది కాదు. ఒక సాయంత్రం తొందరమ్మ త్వరగా వచ్చింది. ఇతను ఇంటాయనకి పైపు గురించి ఏదో చెబుతూ సరైన మాట కోసం ఆగాడు. ఆమె ఆ మాట అందించి, దాని వెనకాల వాక్యం మొత్తం తనే పూర్తిచేసింది. ఇంటాయన ఆమె వైపు తిరిగాడు. తర్వాత పైపు గురించిన సంభాషణ అంతా వాళ్లిద్దరి మధ్యే జరిగింది. పైపు పట్టుకుని నిలబడ్డవాడు మాత్రం ఇతను.

రోజూ పొద్దున ఆ ఊరి బస్‌స్టేషన్‌కి వెళ్లి బల్ల మీద కూర్చుని అనౌన్సుమెంట్లు వినేవాడు. అతను ఆ భాష నేర్చుకున్నది అక్కడే. నేను ఫ్రిజ్ తలుపు మూస్తుంటే ఆ భాషలో గంభీరంగా "తలుపులు మూసుకుంటున్నాయి, దయచేసి దూరంగా నిలబడండి" అనేవాడు. అచ్చు వాళ్ల ఉచ్చారణే. "కానీ వీళ్లు ఆగరు అక్కా, గడగడా చదివేస్తారు" అని వంకలు కూడా పెట్టేవాడు.

తొందరమ్మ చెడ్డది కాదు. ఆమె గురించి చులకనగా మాట్లాడితే నేను ఒప్పుకోను. భర్తంటే ప్రాణం. ల్యాబులో రోజంతా సిమెంటు, ఇసుక, కంకర కలిపి దిమ్మలు పోసి, నీళ్ల తొట్టెల్లో ముంచి, నెల తిరిగేదాకా వాటి జోలికి పోకుండా ఓపిక పట్టి, అప్పుడు మిషన్ కింద పెట్టి ఎంత బరువుకి పగులుతాయో చూడటం ఆమె పని. ముందే తీస్తే దిమ్మ గట్టిపడదని మాకు పాఠం చెప్పేది. ఒకరోజు భోజనాల దగ్గర అతను అన్నాడు: "దిమ్మకి నెలరోజులు ఇస్తావు. నాకు ఒక్క నిమిషం ఇవ్వవేం?"

ఆమె నవ్వేసి అతని కంచంలో ఇంకో గరిటె కూర వేసింది. నేనూ నవ్వాను. అది హాస్యమనే అనుకున్నాం ఇద్దరమూ.

నిబంధనలు నిజంగానే మారాయి. పని చేసుకోవచ్చని అనుమతి వచ్చింది. ఆ వారంలోనే బస్‌స్టేషన్‌లో ఒక ఖాళీ ఉందని ఇతనే కనిపెట్టాడు. మైకు పని కాదు. హాల్లో నిలబడి దారి తెలియనివాళ్లకి దారి చెప్పే పని. అయినా బస్టాండు బస్టాండే. దరఖాస్తు పంపిన మర్నాటి నుంచి మనిషి నడకే మారింది. ముందు ఫోన్లో మాట్లాడతామని కబురు వచ్చింది. నేను సూపర్‌వైజర్ని, అతను అభ్యర్థి; వంటగదిలో రోజూ అదే నాటకం. నేను కావాలని చిరాగ్గా అడిగేదాన్ని. అతను ఒక మాట అని, ఆగి, తర్వాత మాట అనేవాడు. ఆ ఆగడంలో నాకు తప్పేమీ కనిపించలేదు. ఆగి చెబుతుంటే బాగా అర్థమయ్యేది కూడా.

ఫోన్ వచ్చే మధ్యాహ్నం తొందరమ్మ ల్యాబు నుంచి పరిగెత్తుకొచ్చింది. బూట్ల నిండా సిమెంటు బురద. "నువ్వెందుకొచ్చావ్?" అన్నాడతను. "మీకు తోడుగా. ఏమీ మాట్లాడను, ఒట్టు" అని నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ముగ్గురం వంటగది బల్ల చుట్టూ కూర్చున్నాం. ఫోను మధ్యలో పెట్టి స్పీకరు ఆన్ చేశాడు.

అవతల మాట్లాడినావిడది మర్యాదైన గొంతు. పేరు అడిగింది, చెప్పాడు. పాత పని అడిగింది, చెప్పాడు. ఒకటి రెండు తప్పులు పోయాయి, ఫరవాలేదు. తొందరమ్మ బల్ల కింద నా చెయ్యి పట్టుకుని నలిపేస్తోంది. అప్పుడావిడ అడిగింది: "హాలంతా రద్దీగా ఉంది. ఒక పెద్దావిడ దారి తప్పి కంగారుగా మీ దగ్గరికి వచ్చింది. ఏం చేస్తారు?"

"ముందు ఆవిణ్ణి కూర్చోబెడతాను" అన్నాడు మైకన్న.

ఆగాడు.

అతని మొహం నాకు ఎదురుగా ఉంది. ఎక్కడా తడబాటు లేదు. మైకు ముందు కూర్చున్నప్పుడు ఇలాగే ఉండేవాడేమో అనిపించింది. ఊరి పేరు చెప్పేశాడు. అవతలి మనిషి తలెత్తాలని చూస్తున్నాడు. నా చెయ్యి వదిలేసి తొందరమ్మ ఫోను మీదికి వంగింది.

"ఆయనకి ఇవన్నీ బాగా తెలుసండీ. మా ఊరి బస్టాండులో చాలా ఏళ్లు పనిచేశారు. భాష కూడా త్వరగా పట్టుబడుతుంది. నేను దగ్గరుండి నేర్పిస్తున్నాను" అంది. ఒక్క తప్పు లేకుండా, ఆ దేశంలో పుట్టినదానిలాగా చెప్పింది.

"సంతోషమండీ" అంది అవతలి గొంతు. "కానీ ఇది మాట్లాడే పని. హాల్లో ఆయన పక్కన మీరుండరు కదా. మళ్లీ కబురు చేస్తాం." మర్యాదగానే పెట్టేసింది. మళ్లీ కబురు రాలేదు.

అతను అరిచి ఉంటే బాగుండేది. నేనైతే ఆ ఫోను తీసి గోడకేసి కొట్టేదాన్ని. అతను ఫోను తిప్పి బోర్లా పెట్టి, పొయ్యి దగ్గరికి వెళ్లి టీకి నీళ్లు పెట్టాడు. ఆమెకి, నాకు, తనకి పోశాడు. "బూట్లు విప్పు, ఇల్లంతా బురద" అన్నాడు ఆమెతో.

మర్నాడు మధ్యాహ్నం అడిగాను నేను. "ఏం చెబుదామనుకున్నావ్ తమ్ముడూ, కూర్చోబెట్టాక?"

"ఏముంది అక్కా" అన్నాడు తరుగుతున్న ఉల్లిపాయ మీంచి తలెత్తకుండా. "ఆవిడ చెప్పేదాకా ఆగుతాను, అని."

ఆ సాయంత్రం నేను తొందరమ్మ మీద ఒంటికాలి మీద లేచాను. అతను అన్న మాట యథాతథంగా చెప్పి, "నీ నోటికి తాళం వేసుకోలేకపోయావా అమ్మాయ్? ఆ మనిషికి ఊళ్లో ఉన్న ఆస్తంతా ఆ గొంతే కదా, దాన్ని కూడా నువ్వే వాడేసుకుంటే ఎలా?" అన్నాను. ఆమె గోడకి జారగిలబడి నేల మీద కూర్చుండిపోయింది.

"వచ్చిన కొత్తల్లో క్లాసులో నేను మాట కోసం ఆగితే నవ్వేవాళ్లు అక్కా" అంది. "ప్రొఫెసరు నన్ను వదిలేసి పక్కవాళ్లని అడిగేవాడు. ఆ మౌనం అంటే నాకు భయం. ఈయన ఆగినప్పుడల్లా, అవతలివాళ్లు ఈయన్ని తెలివితక్కువవాడు అనుకుంటున్నారేమోనని ప్రాణం కొట్టుకుంటుంది. ఆయన్ని చూసి ఎవరూ నవ్వకూడదని..." తర్వాత మాట పూర్తి చేయలేక ఏడ్చింది. నా కోపం అక్కడికక్కడే చల్లారిపోయింది. ఎవరిని తిట్టాలో తెలియని దుఃఖం అన్నిటికంటే చెడ్డది.

ఆమె మారాలని చూసింది. దుకాణంలో పెదవులు బిగబట్టి నిలబడేది. కానీ అప్పటికి అతను ఏదీ చెప్పడం మానేశాడు. ఎవరేం అడిగినా తల ఊపడం, నవ్వడం. బస్‌స్టేషన్‌కి వెళ్లడం మానేశాడు. ఇంటాయన కింద నుంచి గేటు పట్టుకుని కేకేస్తే "తలనొప్పి" అని సైగ చేసేవాడు. చివరికి నాతో కూడా మాటలు తగ్గిపోయాయి. మన భాషలో సైతం! రోజుకి ఎన్ని ఊళ్లు పిలిచిన గొంతో, ఉప్పు అందించమని వేలు చూపించే దాకా వచ్చింది. ఒక్కోసారి నేను కావాలని ఫ్రిజ్ తలుపు దభాలున మూసేదాన్ని. అతను ఏమీ అనేవాడు కాదు.

బస్టాండులో సెలవు అయిపోవస్తోంది, చేరతావా చేరవా అని మేనేజరు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఆ ఫోన్లో మాత్రం అతను మాట్లాడాడు. గదిలోంచి ఆ పాత గొంతు వినపడితే నేను వంటగదిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఫోను పెట్టి బయటికొచ్చి, "వెళ్తాను తొందరమ్మా" అన్నాడు. ఆమె "ఉండండి" అనలేదు. అనడానికి తనకి హక్కు లేదనుకుంది కాబోలు. నేను ఉన్నాను కదా, నేనూ అనలేదు.

విమానాశ్రయానికి ముగ్గురం వెళ్లాం. కౌంటరు దగ్గర సూట్‌కేసు తూకం మీద పెట్టాక అక్కడి మనిషి అడిగాడు: "సామానంతా మీరే సర్దుకున్నారా? ఎవరైనా ఏదైనా ఇచ్చారా?" తొందరమ్మ పెదవులు కదిలాయి. చప్పున అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. మైకన్న ఆగాడు. వెనక జనం కదులుతున్నారు, ఎవరో దగ్గారు, ఆమె కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, చెయ్యి మాత్రం తీయలేదు.

"సర్దింది నేనే" అన్నాడతను ఆ దేశపు భాషలో. మళ్లీ ఆగి, "ఎవరూ ఏమీ ఇవ్వలేదు" అన్నాడు.

ఆ మనిషి బోర్డింగు పాసు చేతికిస్తూ, "మా భాష చక్కగా మాట్లాడతారే" అన్నాడు. మైకన్న నవ్వి తల ఊపాడు. ఆమె అరచెయ్యి అప్పటికీ నోటి మీదే ఉంది. ఆ చెయ్యి ఏడాది ముందు లేచి ఉంటే ఈ విమానం ఎందుకెక్కేవాడు అనుకున్నాను.

ఇప్పుడు ఆదివారాలు మధ్యాహ్నం పూట ఫోన్ చేసుకుంటారు. మొదట్లో ఆరోగ్యం, వాతావరణం, ఇంటాయన పళ్లు. తర్వాత అవి కూడా అయిపోయాయి. మొన్న ఆదివారం ఆమె అంట్లు తోముతూ ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కింది. అతను విరామంలో ఉన్నాడు. వెనక బస్టాండు రొద. నేను లేచి వెళ్లబోతే కళ్లతోనే కూర్చోమంది. ఒంటరిగా వినే ధైర్యం లేదనుకుంటాను.

"ఒక మాట అడుగుతాను" అంది. "వచ్చే ఏడాదికి నా చదువు అయిపోతుంది. నన్ను అక్కడికి వచ్చెయ్యమంటారా? మీరే మళ్లీ వస్తారా? అసలు మనం కలిసి ఉండాలని మీకుందా?"

ఆమె తడిచేతులతో సింకు అంచు పట్టుకుని నిలబడింది. ఒక బస్సు హారను మోగింది, ఆగింది. అతను ఊపిరి తీసుకోవడం మాకు వినిపిస్తోంది. ఆమె ఒక్క మాట అందించలేదు. ఎంతసేపైనా సరే ఆగాలని నిశ్చయించుకున్నదానిలా కళ్లు మూసుకుంది. ఇంత బాగా ఆగడం ఎప్పుడు నేర్చుకుందో అనిపించింది నాకు.

"నువ్వే చెప్పు" అన్నాడు మైకన్న.

ఆ గొంతులో వెటకారం లేదు, కోపం లేదు. దుకాణంలో మొదటిసారి అడిగినప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది. తొందరమ్మ నోరు తెరిచింది. అతను ఫోను పెట్టెయ్యకుండా ఆగి ఉన్నాడు. బస్టాండులో మరెవరో గడగడా ఏదో బస్సు పిలుస్తున్నారు. ఆమెకి మాట రాలేదు.